తోక ఉన్న కోటు

ఈమధ్య ఒక శనివారం పొద్దున, ఈస్టరు నాటకానికి పిల్లలను సిద్ధం చేస్తున్నారని విని, సూది, దారం, చిన్న కత్తెర సంచిలో వేసుకుని జెర్సీ సిటీలోని మా ప్రార్థన హాలుకు వెళ్ళాను. తీరా వెళ్తే అక్కడ కుట్టవలసింది ఏమీ లేదు. దూతల రెక్కలు, రోమా సైనికుల టోపీలు, స్త్రీల ముసుగులు అన్నీ అట్టపెట్టెల్లో గుమ్మంలోకి వచ్చేశాయట. వేదిక వెనక తెరకు బదులు గోడంత స్క్రీను పెట్టారు, మీట నొక్కితే అందులో యెరూషలేము వీధి పోయి తోట వస్తోంది, తోట పోయి సమాధి వస్తోంది. సరేనని ఒక మూల కుర్చీ చూసుకుని కూర్చున్నాను. అంతలో సాతాను వేషం కట్టిన ఐదేళ్ళ పిల్ల ఎర్రకొమ్ములు పెట్టుకుని, ఎర్రతోక ఊపుకుంటూ, మూతికి పంచదార పూసుకుని వచ్చి నా ఒళ్ళో వాలింది. తల్లి ఫోటో తీసింది, చుట్టూ ఉన్నవాళ్ళంతా ముద్దుచేశారు. నేను మాత్రం ఆ తోకను గబగబా నా కొంగుకింద దాచేశాను. ఎందుకు దాచానో ఆ తల్లికి చెప్పలేదు, చెప్పినా ఆమెకు నవ్వే వచ్చేది. నా ఈడువాళ్ళతోనైతే చెప్పుకోవచ్చు, అందుకే ఇది రాస్తున్నాను.

నేను పుట్టిపెరిగింది గుంటూరు దగ్గర. మా సంఘంలో పాస్టరుగారు ఉండరు, పెద్దలు ఉంటారు. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, ద్రాక్షారసం గిన్నె అందిస్తారు, దాన్నే మేము ప్రభువు బల్ల అంటాము. ఆడవాళ్ళకు తెల్లచీర, తలమీద ముసుగు, మెడా చేతులూ బోసి. సినిమాలు, నాటకాలు లోకసంబంధమైనవని చిన్నప్పటినుంచీ విన్నదే. ఊళ్ళోకి నాటకాల కంపెనీ దిగితే ఆ హార్మోనియం మా చెవిన పడకుండా మా నాన్న కిటికీలు మూసి కీర్తన ఎత్తుకునేవాడు, ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకునే సందులో నేను చెవులు రిక్కించేదాన్ని. ఎవరి నడవడిమీదైనా పెద్దలకు అనుమానం వస్తే కొన్నాళ్ళు బల్లకు దూరంగా ఉండమంటారు. తిట్టరు, హాలులోంచి పంపెయ్యరు. రొట్టె ఉన్న పళ్ళెం మన ముందునుంచి పక్కవాళ్ళకు వెళ్ళిపోతుంది, అంతే. ఆ అంతే అన్నది ఎంతటిదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

కుట్టుపని మా అమ్మ నేర్పింది. దానితోబాటు ఇంకొకటి నేర్పింది, కొత్త గుడ్డకు కత్తెర పెట్టేముందు దానిమీద అరచెయ్యి ఆనించి ప్రార్థన చేయడం. ఎడారిలో దేవుని గుడారం కట్టిన కాలంలో తెరలు నేసినవాళ్ళకూ వస్త్రాలు కుట్టినవాళ్ళకూ ఆయనే తన ఆత్మవల్ల నేర్పు ఇచ్చాడని వాక్యంలో ఉంది కదా, కాబట్టి ఆయన్ని అడగకుండా కత్తెర పట్టకూడదనేది. పెళ్ళి జాకెట్టయినా దిండు గలీబయినా నేను ఆ పద్ధతి తప్పలేదు.

మా వారు సాఫ్ట్‌వేరు ఉద్యోగంమీద అమెరికా వచ్చారు, నేను చంటిపిల్లను ఎత్తుకుని వెనకాలే వచ్చాను. చాలా ఏళ్ళు నాకు పనిచేసే అనుమతి లేదు. అది చేతికొచ్చిన కొద్దికాలానికే మా వారి ప్రాజెక్టు అయిపోయి ఆయన ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. ఆ రోజుల్లో మనవాళ్ళ ఇళ్ళన్నిటా అదే కథ, ఫోను మోగితే గుండె ఝల్లుమనేది. సరిగ్గా అప్పుడే పక్క ఊరి కాలేజీలో నాటకాల విభాగానికి కుట్టుపనివాళ్ళు కావాలని తెలిసింది. నాటకం అన్న మాట వినగానే, పెద్దలను అడగందే వెళ్ళనన్నాను. మా వారు నన్ను వెంటబెట్టుకుని ఇక్కడి మా సంఘపెద్ద దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన్ని మేమంతా పెద్దన్నయ్యగారు అనేవాళ్ళం. పగలు బ్యాంకులో ఉద్యోగం, మిగిలిన కాలమంతా మా ఆత్మల కాపలా. ఆయన చాలాసేపు ఆలోచించి, కుట్టడం తప్పుకాదన్నారు, కాని నాటకశాలలో కాలుపెట్టి ఆట చూడనని మాట తీసుకున్నారు. నేను మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. రాణులకు, సేనాపతులకు, దాసీలకు ఎన్ని బట్టలు కుట్టానో, అవి దీపాల కింద ఎలా ఉన్నాయో మాత్రం చూడలేదు.

మా వర్క్‌షాపు నాటకశాల కింద నేలమాళిగలో ఉండేది. దాన్ని నడిపే ప్రొఫెసరమ్మ, జుట్టంతా నెరిసినా నేలమీద మోకాళ్ళూని అంచులకు పిన్నులు గుచ్చే మనిషి, ఆ పిన్నులు పెదవుల మధ్య పట్టుకునే యూరపు నాటకాల చరిత్రంతా చెప్పేది. కరెంటు లేని కాలంలో కొవ్వొత్తుల వెలుగును పట్టుకోవడానికి బట్టలమీద తగరపు తళుకులు కుట్టేవారట. పెద్ద దొరలు చనిపోతూ తమ పట్టుబట్టలు నౌకర్లకు ఇచ్చిపోయేవారట, నౌకర్లు అవి తొడుక్కోకూడదు కనుక నాటకాలవాళ్ళకు అమ్ముకునేవారట, అలా చచ్చిన దొర కోటు వేదికమీద రాజై తిరిగేదట. అడ్డంగా తిరిగితేగానీ గుమ్మం పట్టని పావడాల సంగతి చెప్పింది, తాళ్ళమీద మేఘాలను దింపి అందులోంచి దేవతలను నడిపించిన ఇటలీ యంత్రాల సంగతి చెప్పింది. ఆ ఇటలీవాళ్ళే తెరలమీద వీధులను దూరం పోయినట్టు గీయడం కనిపెట్టారట, అయితే ఆ వీధి ఒక్క రాజుగారి కుర్చీలోంచి చూస్తేనే సరిగ్గా కనబడేది, పక్కన కూర్చున్నవాళ్ళకు మేడలన్నీ వంకరపోయేవి. నరుడొకడి కంటికోసం లోకాన్నంతా అలా సర్దిపెట్టారంటే నాకు ముచ్చటా వేసేది, భయమూ వేసేది. ఇంటికొచ్చాక మోకరించి, ప్రభువా, నేను వినకూడనిది విన్నానేమో అని అడిగేదాన్ని. మర్నాడు మళ్ళీ చెవి అటే పెట్టేదాన్ని.

ఆ చలికాలంలో ప్రొఫెసరమ్మ ఒక పాతకాలపు పద్ధతి ఎత్తుకుంది. కొన్ని వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఊరి వృత్తులవాళ్ళే వాక్యంలోని కథలను పంచుకుని, చక్రాల బండ్లమీద వేదికలు కట్టి, వీధుల్లో లాక్కుంటూ ఆడేవారట. ఓడలు కట్టేవాళ్ళది జలప్రళయం, రొట్టెలు కాల్చేవాళ్ళది ప్రభువు చివరి భోజనం. దేవుడి వేషానికి మొహానికి బంగారుపూత, దూతలకు నెమలీకల రెక్కలు. నరకానికి ఒక పెద్ద మృగం నోరు చేసి, దవడలు తెరుచుకుని పొగ వచ్చేట్టు అమర్చి, లోపల కుండలు, మూకుళ్ళు వాయించేవారట. వసంతం రాగానే కాలేజీ పచ్చికమీద అలాగే బండ్లు తిప్పి ఆడాలని నిశ్చయం. ఇది వింటున్నంతసేపూ నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, సువార్తను ఇలా వీధివీధికీ లాక్కెళ్ళారా అని. ఆ తర్వాత పనులు పంచారు. దేవుడి అంగీ మాతో పనిచేసే పోలండావిడకు వెళ్ళింది. నాకు సాతాను వచ్చాడు.

మార్చమని అడిగాను. పోలండావిడ నవ్వి, తమ ఊళ్ళో క్రిస్మసుకు పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే గుంపులో ఒకడు సైతాను వేషంలో ఉంటాడని, వాడికే అందరికంటే ఎక్కువ మిఠాయిలు దొరుకుతాయని చెప్పింది. ప్రొఫెసరమ్మ, ఆ పాతరోజుల్లో ఆ వేషం కుట్టినవాళ్ళూ ఉపవాసాలుండే భక్తులేనని సముదాయించింది. ఇంటిదగ్గర మా వారు ఫోను పక్కన కూర్చుని ఉన్నారు. నేను కుట్టనని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పాత బట్టల దుకాణంలో కొన్న పొడుగాటి నల్ల ఉన్నికోటు ఆ వేషానికి అసలు గుడ్డ. దానిమీద గుర్రపువెంట్రుకలు, తోలుముక్కలు, కోడి ఈకలు వరసలు వరసలుగా కుట్టాలి, లోపల తీగ పెట్టిన తోక తగిలించాలి. దాన్ని బల్లమీద పరిచి అలవాటుగా అరచెయ్యి ఆనించాను. ఏమని ప్రార్థించను? సాతానుకు అంగీ బాగా అమరాలనా? చెయ్యి వెనక్కి తీసుకుని కత్తెర పట్టాను, పెట్టలేక మళ్ళీ దించాను. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని, ప్రార్థన లేకుండానే కత్తిరించాను. చేత్తో కుట్టే పని ఎక్కువ కాబట్టి కోటును ఇంటికి తెచ్చుకునేదాన్ని, పని కాగానే బట్టల అలమరలో వెనక్కి నెట్టి తలుపు మూసేదాన్ని.

శుక్రవారం సాయంత్రాలు ఇంటి ప్రార్థనలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో జరిగేవి. చలికాలంలో వచ్చినవాళ్ళ కోట్లన్నీ పడకగదిలో మంచంమీద గుట్టగా పోసేవాళ్ళం. మనవాళ్ళంతా ఒకే దుకాణంలో తగ్గింపు ధరకు ఒకేరకం నల్లకోట్లు కొన్నవాళ్ళు కాబట్టి వెళ్ళేటప్పుడు ఎవరిది ఎవరు వేసుకున్నారో చూసుకునే గొడవ ప్రతివారం ఉండేదే. ఆ వారం మా ఇంటి వంతు. నేను వంటింట్లో ఉండగా మా వారు పాపం సాయం చేద్దామని, ఇల్లు సర్దుతూ, ఉతకని బట్టలు దాచడానికి అలమర ఖాళీ చేశారు. చేతికొచ్చిన నల్లకోటును తీసి మంచంమీద మిగతా కోట్లలో పడేశారు. ఛాతీవైపు నేను ఇంకా మొదలుపెట్టలేదు, మామూలు కోటులాగే ఉంది. తోకను లోపలికి మడిచి పిన్నులు పెట్టి ఉంచాను.

ప్రార్థన అయింది, పులిహోర అయింది. పెద్దన్నయ్యగారికి రైలు వేళ అవుతోంది; వారి భార్య, మా అక్కయ్యగారు, ఆసుపత్రిలో నర్సు, ఆ సాయంత్రం డ్యూటీలో ఉండి రాలేదు, కాబట్టి కోటు చూసి అందించేవాళ్ళు లేక ఆయనే వెళ్ళి మసక వెలుగులో ఒకటి తీసి తొడుక్కున్నారు. నేను పళ్ళేలు పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన నాకు వీపు పెట్టి లిఫ్టువైపు నడుస్తున్నారు. వీపంతా గుర్రపువెంట్రుకలు. పక్కనున్న ఇద్దరు బ్రహ్మచారి కుర్రాళ్ళకు పరిశుద్ధత గురించి ఏదో చెబుతూ వెళ్తున్నారు. నేను పళ్ళేలు కింద పెట్టి పిలిచేలోగా లిఫ్టు వచ్చేసింది. లిఫ్టు తలుపులు మూసుకునేలోపల పిన్ను ఊడి తోక కిందికి జారింది, చివర మూడుకొనల బాణంతో సహా.

ఆ కుర్రాళ్ళు తర్వాత నాకు చెప్పిందేమంటే, వాళ్ళు చూశారట. ఆయన వెనకే పాత్ అనే లోకల్ రైలు స్టేషను దాకా నడిచారట, రైల్లో ఎదురుగా నిలబడ్డారట. మరి చెప్పొచ్చు కదయ్యా అంటే, "అన్నయ్యగారికి మేమెలా చెప్తాం ఆంటీ? ఆయన వాక్యం చెప్తా ఉంటే మధ్యలో, సార్ మీకు తోకుంది అంటామా?" అన్నాడు ఒకడు. రైల్లోవాళ్ళు ఎవరూ తలతిప్పి చూడలేదట. అది న్యూజెర్సీ కాబట్టి.

ఇంటికి చేరాక ఆయన ఫోను చేశారు. ఎప్పటిలాగే మెల్లగా మాట్లాడారు.

"చెల్లెమ్మా, నా కోటు మీ ఇంట్లో ఉందా?"

"ఉందన్నయ్యగారూ."

"మరి నా ఒంటిమీద ఉన్నదేంటమ్మా?"

రేపు వస్తానని ఫోను పెట్టేశారు.

మర్నాడు పొద్దున భార్యాభర్తలిద్దరూ వచ్చారు. కోటును మడతపెట్టి కాగితపు సంచిలో తెచ్చారు, తోకను విరగకుండా చుట్టచుట్టి పైన పెట్టారు. అక్కయ్యగారు నా మొహం చూసి నవ్వించాలని చూసింది, "కొత్త కోటు కొనుక్కోండి మహాప్రభో అంటే వినరు కదా, చూడు, ఊరికే దొరికితే ఎవడిదైనా వేసుకుంటారు" అంది. ఆయన నవ్వలేదు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, బండ్లమీద ఆడే కథ ఏమిటో, నాకు వంతు వచ్చిందేమిటో, ఎందుకు కాదనలేకపోయానో. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు, కత్తెర పెట్టేముందు ప్రార్థించావా అని. మా సంఘంలో నా అలవాటు అందరికీ తెలుసు.

"లేదన్నయ్యగారూ. ఏమని చెయ్యాలో తెలియలేదు."

ఆయన తోక చుట్టను మళ్ళీ సంచిలోకి నెట్టారు. "నాకూ తెలియట్లేదమ్మా" అన్నారు. ఆ తర్వాత, ఆ ఆట ఎటువంటిదో తాను కళ్ళారా చూసేదాకా నేను బల్లకు దూరంగా ఉండటం క్షేమమని చెప్పారు. నాటకశాలలోకి తాను రాలేనని, అది ఆరుబయట ఆడేదైతే, సువార్త కూటంలో నిలబడినట్టు నిలబడి చూస్తానని అన్నారు. ఉద్యోగం మానమనలేదు. మా వారికి ఉద్యోగం లేదని ఆయనకు తెలుసు.

అప్పటినుంచి మంచు కరిగి పచ్చిక కనబడేదాకా ప్రతి ఆదివారం పళ్ళెం నా ముందునుంచి వెళ్ళిపోయింది. మా వారు రొట్టె తీసుకుని, నాకు ఇవ్వలేక, నా మొహం చూడలేక, నా మోకాళ్ళమీదుగా చెయ్యి చాచి పక్కావిడకు అందించేవారు. ఆడవాళ్ళు ఎవరూ ఒక్క మాట అనలేదు, ఒకటి రెండు ఇళ్ళనుంచి కూరగిన్నెలు కూడా వచ్చాయి, అయినా వందనాలు చెప్పేటప్పుడు వాళ్ళ గొంతులు జబ్బుమనిషిని పలకరించినట్టు ఉండేవి. మా అమ్మాయి ఒక ఆదివారం కారులో వెనకసీటులోంచి, "మమ్మీ, నువ్వు బ్రెడ్ ఎందుకు తీస్కోట్లేదు? ఆర్ యూ ఇన్ ట్రబుల్?" అని అడిగింది. రాత్రుళ్ళు నాకు ఇదే ఆలోచన, ఆయన వచ్చి చూసి తప్పంటే ఏం చేయాలి, ఈ లోపలే ప్రభువు రెండవ రాకడ జరిగిపోతే నేను ఏ వరసలో ఉంటాను అని. ఇంత భయంలోనూ పని మాత్రం చక్కగా సాగింది. భయపడుతూ కుట్టినందువల్లనేమో, నా చేతులు అంతకుముందెన్నడూ అంత శ్రద్ధగా కుట్టలేదు. ఒక్కో ఈకా గాలి తగిలితే లేచి నిలబడేట్టు, నడిస్తే వెంట్రుకలు నీళ్ళలా కదిలేట్టు వచ్చింది.

ఆట రోజున సన్నగా జల్లు పడుతోంది. పెద్దన్నయ్యగారు తెల్లచొక్కా, నల్లగొడుగు, చంకలో గ్రంథంతో వచ్చి పచ్చిక అంచున నిలబడ్డారు. అక్కయ్యగారు, మా వారు పక్కన ఉన్నారు, నేను నాలుగడుగుల వెనక. బండ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. నేను కుట్టిన బట్ట మనిషి ఒంటిమీద ఆడుతుండగా చూడటం అదే మొదలు. జలప్రళయం వెళ్ళింది, చివరి భోజనం వెళ్ళింది. ప్రభువు వేషంలో ఒక సన్నటి కుర్రవాడు తెల్లటి అంగీతో రొట్టె విరిచాడు, పెద్దన్నయ్యగారు గొడుగు మా వారి చేతికిచ్చి తలవంచారు. ఆ తర్వాత నరకపు నోరున్న బండి వచ్చింది. దవడలు తెరుచుకున్నాయి, పొగ, మూకుళ్ళ మోత, ఆ పొగలోంచి నా కోటు బయటికి దూకింది. తడిసిన ఈకలు మెరిశాయి, తోక కొరడాలా తిరిగింది. పచ్చికమీద ఉన్న జనమంతా కేకలేసి చప్పట్లు కొట్టారు. వాడు చివర ఓడి, గొలుసులతో మళ్ళీ ఆ నోట్లోకే ఈడ్వబడ్డాడు, అప్పుడూ వాడికే చప్పట్లు.

ఆట అయ్యాక నేను ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన అద్దాలు తుడుచుకున్నారు.

"సాతాను ఓడిపోయాడు, వాక్యంలో ఉన్నట్టే ఉంది. తప్పు పట్టను. కాని చూశావా చెల్లెమ్మా, ప్రభువు వస్తే ఊరుకున్నారు, వాడొస్తే చప్పట్లు కొట్టారు."

నేను తలవంచుకున్నాను.

"వాడి అంగీ అంత బాగుంది మరి. నీ చేతిలో ఉన్నది దేవుడిచ్చిన నేర్పే. అందుకే నీ గురించి నాకు భయం. ఆదివారం వచ్చి బల్ల దగ్గర కూర్చో. ఆ చప్పట్లు విని సంతోషించావా లేదా అన్నది నన్ను అడగవద్దు, ఆయన్ని అడుగు."

సంతోషించాను. ఆ క్షణంలో, పొగలోంచి ఆ కోటు దూకినప్పుడు, నా గుండె ఎగిరింది. ఆదివారం రొట్టె ముక్క నా అరచేతిలోకి వచ్చినప్పుడు ఆ సంగతే ప్రభువుతో మొట్టమొదట చెప్పుకున్నాను, క్షమించమనాలో కృతజ్ఞతలు చెప్పాలో తెలియక రెండూ చెప్పాను. ఆ తర్వాత మా వారికి ఉద్యోగం వచ్చింది, నేను ఆ వర్క్‌షాపులో ఇంకా చాలా ఏళ్ళు కుట్టాను, దూతల రెక్కలూ కుట్టాను. పెద్దన్నయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి చాలాకాలమైంది. సమాధి కార్యక్రమంనాడు ఆ ఇద్దరు కుర్రాళ్ళు, అప్పటికి వాళ్ళూ జుట్టు పలచబడ్డ పెద్దమనుషులు, రైలు ప్రయాణం గుర్తుచేసుకుని నవ్వబోయి ఏడ్చారు.

ఇప్పుడు మా సంఘం చాలా పెద్దది, పిల్లలు తెలివైనవాళ్ళు, భక్తిలోనూ తక్కువేమీ కాదు. ఎవరు ఏ కంపెనీలో ఏం తయారుచేస్తున్నారో ఎవరూ ఎవరినీ అడగరు, అడగటం మర్యాద కాదు. ఎవరి ముందునుంచీ పళ్ళెం దాటిపోదు. మేము భయపడి భయపడి బతికామని మా అమ్మాయి అంటుంది, నిజమే, ఆ భయం మళ్ళీ రావాలని నేను కోరుకోను, ఆ ఆదివారాలు పగవాళ్ళకు కూడా వద్దు. కాని ఒక మనిషి తన పని మానుకుని, వానలో గొడుగు పట్టుకుని, నేను కుట్టిన ఒక బట్టవల్ల నా ఆత్మకు ఏమవుతుందోనని అంతసేపు నిలబడి చూడటం ఈ దేశంలో నాకు ఒక్కసారే జరిగింది. ఇప్పుడు నా గురించి అలా భయపడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ పని కూడా నేనే చేసుకోవాలి.